సముద్రం ముట్టని సామాను

పోయిన వారం మీరు నన్ను మూత విప్పిన ఆంప్లిఫయర్ ముందు, అరచేతిలో గవ్వతో వదిలేసి వెళ్ళారు. మీకేం, వారం గడిచింది, మీ పనులు మీరు చూసుకుని తీరిగ్గా వచ్చారు. నేను మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిర్ పక్కన గరాచర్మలో మా ఇంటి ముందుగదిలో, ఫ్యాను కింద నోరు తెరుచుకుని అలాగే కూర్చుని ఉన్నాను.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు మాటలు చెప్పేస్తాను. నా పేరు శ్రీలక్ష్మి. నేనూ మా ఆయన తిరుమలరావూ కలిసి పాత ఆడియో సెట్లు కొని, బాగుచేసి, ఇంటర్నెట్‌లో పేజీ పెట్టి అమ్ముతాం. పాతవంటే పారేసేవి కావు. ఒకప్పుడు ఓడల్లో పనిచేసేవాళ్ళు సింగపూర్ నుంచీ జపాన్ నుంచీ మోజుపడి తెచ్చుకున్న ఖరీదైన ఆంప్లిఫయర్లు, రికార్డు ప్లేయర్లు, నడుమెత్తు స్పీకర్లు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆఫీసరుకి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిందంటే సోఫా దగ్గర్నుంచి పూలకుండీ దాకా అమ్మేసి విమానం ఎక్కుతాడు. ఆ కబురు మాకు ముందే తెలుస్తుంది. స్క్రూడ్రైవర్ పని మా ఆయనది, నోటి పని నాది. మెయిన్‌లాండ్‌లో ఇలాంటి సెట్ల కోసం ప్రాణం పెట్టే పిచ్చివాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళు చల్లగా ఉండాలి.

ఎంత పిచ్చివాళ్ళయినా అండమాన్ పేరు వినగానే వాళ్ళకి ఒకటే అనుమానం. ఇది సునామీలో మునిగిన సరుకేమో అని. వాళ్ళ భయంలోనూ న్యాయం ఉంది. ఉప్పునీళ్ళు తాగిన సెట్టు ఇవాళ బాగానే పాడుతుంది, రేపు లోపల్నుంచి తుప్పు తినేస్తుంది. అందుకే మా పేజీలో అన్నిటికన్నా పైన ఒక మాట రాసి పెట్టాను: సముద్రం ముట్టని సామాను, శ్రీలక్ష్మి పూచీ. అది అలంకారానికి రాసింది కాదు. కొనే ముందు ప్రతి సెట్టూ విప్పించి, ట్రాన్స్‌ఫార్మర్ అడుగున వేలు పెట్టి తుడిచి, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంటాను. దీవుల్లో పైపైన ఉప్పు పట్టని వస్తువంటూ ఉండదు, గాలే అలాంటిది. ఆ మూల కూడా ఉప్పగా ఉందంటే మాత్రం అది మునిగిన సెట్టే. చూసి నవ్వినవాళ్ళు నవ్వారు, కానీ ఇంతవరకూ నా దగ్గర కొన్న సెట్టు ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఇప్పుడు నా ముందున్నది హాడోలో వీరన్న దగ్గర కొన్న జపాన్ ఆంప్లిఫయర్. ఆయన రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు, కూతురింటికి మకాం మారుస్తూ అమ్మేశాడు. వెండి రంగు ముఖం, పక్కలకి టేకు చెక్క, పాట మొదలవగానే నీలం వెలుగులో ముళ్ళు ఊగే మీటర్లు. ఫోటోలు పేజీలోకి ఎక్కడానికి మా దీవుల ఇంటర్నెట్‌లో ఒక పూట పట్టింది. ఎక్కిన మర్నాడే విశాఖపట్నం నుంచి గోపీచంద్ అనే అతను కొనేశాడు. బేరం ఆడలేదు. ఓడలో వేయొద్దు, నేనే విమానంలో వచ్చి పట్టుకెళతానన్నాడు. బేరమాడని మనిషిని నమ్మకూడదని మా నాన్న అనేవాడు, అందుకని అప్పట్నుంచీ నాకు లోపల దడగానే ఉంది.

ఆ గోపీచంద్ వచ్చేది ఇవాళే. వచ్చేలోపు దుమ్ము దులుపుదామని మూత తీసి బ్రష్షు పెడితే, ట్రాన్స్‌ఫార్మర్ అడుగునున్న ఇనప పట్టీ వెనకాల్నుంచి టక్కున రాలి పడింది గవ్వ. చిన్నది, గోరంత కూడా లేదు. దుమ్ము ఎక్కణ్ణుంచైనా వస్తుంది, చీమలు వస్తాయి, బల్లిగుడ్డు కూడా చూశాను. గవ్వ మాత్రం కాళ్ళొచ్చి నడుచుకుంటూ ఆంప్లిఫయర్‌లోకి రాదు కదా. సముద్రమే తెచ్చి అక్కడ పెట్టాలి.

ఇదీ సంగతి. ఇక కథలోకి వస్తాను.

ముందు నాకు వచ్చింది కోపం. నాకు ఏదొచ్చినా ముందు కోపంగానే వస్తుంది, తర్వాత నెమ్మదిగా దాని అసలు రంగు తెలుస్తుంది. పెద్దమనిషి గదా అని వీరన్న మాట నమ్మి, ఆయన ఇచ్చిన టీ తాగి, ఆయన మనవరాలికి చాక్లెట్లు కూడా ఇచ్చి వచ్చాను. నా నాలుకని కూడా మోసం చేసిన ఘనుడన్నమాట. ఫోను తీసి నంబరు నొక్కుతూ, ఆయన ఎత్తగానే ఏమేం అనాలో గట్టిగానే సాధన చేసుకుంటున్నాను. ఆయన వయసుకి తగ్గ మాటలే ఏరుకున్నాను గానీ తియ్యటివి మాత్రం కావు.

గుమ్మం దగ్గర పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది మా అత్త కామేశ్వరమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే ఓడెక్కి వచ్చిన మనిషి, మాటలో మాత్రం ఆ ఊరి యాస వదల్లేదు. నా సాధన అంతా విని, చేతిలో రొయ్య పళ్ళెంలో వేసి, తలైనా ఎత్తకుండా అంది.

"వీరన్ననెందుకే ఆడిపోసుకుంతావు? దాన్ని కడిగింది నానే."

నేను ఫోను కట్ చేశాను. ఏం కడిగావత్తా అని అడిగాను. ఆవిడ రొయ్య తోకతో ఆంప్లిఫయర్ వైపు చూపించింది.

తర్వాత ఆవిడ చెప్పింది మీకు నా మాటల్లో చెబుతాను, ఆవిడ మాటల్లో అయితే రొయ్యల కూర దాకా వెళ్ళి వస్తుంది. సునామీ తర్వాత మా అత్తవాళ్ళంతా స్కూల్లో పెట్టిన క్యాంపులో ఉన్నారు. జనం మునిగిన ఇళ్ళలోంచి దొరికినవి దొరికినట్టు మోసుకొచ్చారు. రేడియోలు, మిక్సీలు, కుట్టుమిషన్లు, టీవీలు. అన్నిటి నిండా ఉప్పు, బురద. అందరూ వాటిని ఎండలో పెట్టి కూర్చుంటే మా అత్త మాత్రం ఎండబెడితే ఉప్పు లోపలే బిగుసుకుపోతుందని, ముందు మంచినీళ్ళతో కడగాలని పట్టుబట్టింది. ఎండుచేపని కూర వండే ముందు ఎలా కడుగుతామో అలాగేనట. టార్పాలిన్ మీద పట్టిన వాననీళ్ళు బకెట్లలో నింపి, గుర్రపువెంట్రుకల బ్రష్షు ఒకటి సంపాదించి, పెద్దబ్బాయి అనే రేడియో మెకానిక్‌తో మూతలు విప్పించి, వచ్చిన ప్రతి వస్తువునీ కడిగింది. కడిగి, వంపి, మళ్ళీ కడిగి, నీళ్ళు చప్పబడేదాకా వదిలేది కాదు. ఆ పైన వంటపొయ్యి పక్కన వెచ్చగా రోజుల తరబడి ఆరబెట్టేది. కరెంటు వచ్చాక వాటిల్లో చాలావరకు పలికాయట. క్యాంపు విప్పేసేనాటికి నీళ్ళలో నానిన మిక్సీ ఎవరింట్లో ఉన్నా మా అత్త దగ్గరికి రావాల్సిందే.

ఇదంతా నాకు కొత్త. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, ఆవిడకి ఈ విద్య ఉందని నాకెవరూ చెప్పలేదు. మరి ఈ సెట్టు తెచ్చి ముందుగదిలో పెట్టినప్పట్నుంచీ రోజూ దీని పక్కనే కూర్చుని సీరియల్ చూస్తున్నావు కదా, ఒక్క మాట చెప్పలేకపోయావా అని నిలదీశాను.

"నువ్వడిగినావేటి? ఏలెట్టి నాకి సూసి ఉప్పు నేదన్నావు. నా కడుగుడు ఇప్పటికీ అంత బాగున్నాదని సంబరపడినాను," అంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరి చేతిలోనైనా ఓడిపోవచ్చు గానీ, వాననీళ్ళ బకెట్టుతో నా నాలుకని ఓడించినావిడ నా అత్తే అయితే ఎవరికి చెప్పుకోను. పైగా ఆవిడ ముఖంలో గర్వం చూడాలి. నాకు ఒళ్ళు మండింది, మండుతూనే ముచ్చటేసింది కూడా.

ఆ సమయానికి మా ఆయన ప్లైవుడ్ చెక్కలు భుజాన వేసుకుని వచ్చాడు. గోపీచంద్ సెట్టు పట్టుకెళ్ళడానికి పెట్టె కట్టాలి. నా చేతిలో గవ్వ చూశాడు, వాళ్ళమ్మ ముఖం చూశాడు, చెక్కలు గోడకి ఆనించడానికి అవసరమైన దానికన్నా చాలా ఎక్కువసేపు తీసుకున్నాడు. మా ఆయన మంచివాడు. నిజంగా మంచివాడు, నలుగురూ చెప్పే మాటే ఇది. కాకపోతే ఏదైనా గొడవ వస్తుందంటే వెంటనే ఆయనకి స్క్రూలు వెతుక్కునే పని పడుతుంది. ఇప్పుడూ అదే పని పడింది.

సంగతి చెప్పి, ఇప్పుడేం చేద్దామండీ అని అడిగాను. ఆయన స్క్రూల డబ్బాలోకి చూస్తూనే జవాబిచ్చాడు.

"బాగా పాడుతోంది కదా లక్ష్మీ. ఛోడ్ దో నా, వదిలెయ్. ఇప్పుడాయనకి చెప్పి ఏం సాధిస్తావు?"

అత్త కూడా కొడుకు వైపే మొగ్గింది. కడిగేసిన గిన్నెని ఎంగిలి గిన్నె అంటామా అని ఆవిడ వాదన. ఇన్నేళ్ళూ పాడిన సెట్టు ఇంకెన్నేళ్ళయినా పాడుతుంది, గవ్వ పారేసి మూత బిగించమంది. వాళ్ళిద్దరూ చెప్పిందాంట్లో తప్పు లేదు, అదే నన్ను ఇంకా కాల్చింది.

నా బాధ సెట్టు గురించి కాదు. అది పాడుతుందని నాకూ తెలుసు. నా బాధంతా ఆ పైన రాసిన మాట గురించి. గోపీచంద్ దీన్ని ఇంటికి తీసుకెళ్ళి ఎప్పుడో ఒకప్పుడు మూత తీస్తాడు. ఈ పిచ్చివాళ్ళు మూత తీయకుండా ఉండరు. ఇంకో గవ్వో, ఇసకో కనబడుతుంది. వీళ్ళంతా ఒకే గూటి పక్షులు, ఒకళ్ళకి తెలిస్తే తెల్లారేసరికి అందరికీ తెలుస్తుంది. ఆ తర్వాత శ్రీలక్ష్మి పూచీ అంటే గంజిలో ఈగతో సమానం. అసలది కూడా కాదు. ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుస్తుందిగా. రేపు ఇంకో సెట్టు ఫోటో కింద అదే మాట రాయాలంటే నా వేళ్ళు రాయవు. అబద్ధం ఆడటం నాకు రాదని కాదు, చీటికీమాటికీ ఆడతాను, చుట్టాలొస్తే ఒంట్లో బాగాలేదంటాను. ఈ ఒక్క మాటలో మాత్రం ఇంతవరకూ ఆడలేదు.

చెప్పి తీరతానన్నాను. నిజమంతా బయటపెట్టి, పట్టుకెళ్ళడం, మానడం అతనికే వదిలేస్తానన్నాను. మా ఆయన స్క్రూల డబ్బా మూత పెట్టి, నీ ఇష్టం అన్నాడు. ఆయన గొంతు ఎందుకో నీరసంగా ఉంది. పాపం, చెక్కలు మోసుకొచ్చాడు కదా అనుకుని మజ్జిగ ఇచ్చాను.

గోపీచంద్ ఆటో దిగి వచ్చాడు. ఇంకా ముప్ఫై నిండని కుర్రాడు, శుభ్రంగా చేతులు మడిచిన చొక్కా, భుజానికి సంచి. గుమ్మంలో చెప్పులు విప్పి, దీదీ, భయ్యా అని పలకరించాడు. విశాఖపట్నం కుర్రాడు దీదీ అంటాడేమిటని ఒక క్షణం అనుకున్నాను గానీ, బుర్ర నిండా గవ్వే ఉండటంతో ఆ సంగతి అక్కడే వదిలేశాను. అత్త టీ ఇచ్చింది. మా ఆయన మూత బిగించి, రికార్డు ప్లేయరు వైర్లు కలిపి, స్పీకర్లు తగిలించి, వయొలిన్ కచేరీ ఉన్న డిస్కు ఒకటి పెట్టాడు.

సెట్టు ఆ రోజు పాడినట్టు ఎప్పుడూ పాడలేదు. మీటర్లలో ముళ్ళు మెల్లగా లేచాయి, వయొలిన్ మా ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. రొయ్యల వాసన వస్తున్న గదిలో అంత గొప్ప సంగీతం ఉండటం నాకెప్పుడూ భలే సంతోషం. గోపీచంద్ టీ కప్పు పక్కన పెట్టి, సెట్టు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని, ఎడమ చేత్తో చెక్క పక్కని తడిమాడు. వెనక మూల దగ్గర అగరొత్తి కాలిన మచ్చ ఒకటి ఉంది, ఫోటోలో కూడా దాచకుండా చూపించాను. అతని బొటనవేలు వెతక్కుండానే దాని మీదికి వెళ్ళి ఆగింది.

పాట అయ్యేదాకా ఆగుదామనుకున్నాను, ఆగితే నా ధైర్యం కూడా ఆగిపోతుందనిపించింది. వాల్యూమ్ తగ్గించి, అతని ముందు గవ్వ పెట్టాను. ఇది ఈ సెట్టులో దొరికిందని చెప్పాను. ఇది సునామీలో మునిగింది, మా అత్తే కడిగింది, ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది, పేజీలో నేను రాసిన మాట ఈ సెట్టు విషయంలో తప్పు. డబ్బు వెనక్కి ఇచ్చేస్తాను, విమానం ఖర్చు కూడా పెట్టుకుంటాను, కాకపోతే నలుగురిలో చెప్పేటప్పుడు శ్రీలక్ష్మి తెలిసి చేయలేదని ఒక్క మాట చేర్చు బాబూ అన్నాను. నేనొకరిని బతిమాలడం మా అత్త అప్పుడే మొదటిసారి విన్నట్టుంది, రొయ్యలు ఒలవడం ఆపేసింది.

గోపీచంద్ గవ్వని వేలితో అటూ ఇటూ తిప్పాడు.

"దీదీ, ఇది మునిగిందని నాకు తెలుసు," అన్నాడు. "నా కళ్ళముందే మునిగింది. ఇది మాదే."



అతను చెప్పింది వింటూ నేనూ అతని పక్కనే నేల మీద కూర్చున్నాను. వాళ్ళిల్లు ఒకప్పుడు ఇక్కడే పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో, నీళ్ళకి దగ్గర్లో ఉండేది. తండ్రి ఓడ ఇంజనీరు, ఈ ఆంప్లిఫయర్‌ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. ఆ ఆదివారం భూమి కదిలి, నీళ్ళు వచ్చినప్పుడు తండ్రి ఓడ మీద ఉన్నాడు. ఇంట్లో తల్లీ, స్కూలుకెళ్ళే ఇతనూ. ఇతన్ని ముందు పరిగెత్తమని గట్టు మీదికి తోలేసింది ఆవిడ. తనకి మోకాళ్ళ నొప్పులు, నీళ్ళు నడుం దాకా వచ్చేశాయి. ఎవరో ఒక యువకుడు వచ్చి ఆవిణ్ణి భుజాన వేసుకుని పైరోడ్డు మీదికి చేర్చాడు. అక్కడ ఆవిడ ప్రాణం దక్కినందుకు ఏడవకుండా, ఆయన ఒళ్ళో పెట్టుకు తెచ్చింది పోయిందే అని ఆంప్లిఫయర్ కోసం ఏడ్చిందట. నీళ్ళు కాస్త వెనక్కి తగ్గగానే దాన్ని తెస్తానని ఆ యువకుడు మళ్ళీ దిగి వెళ్ళాడు. ఈలోపు ఇంకో అల వస్తోందని ఎవరో అరిస్తే తల్లీకొడుకుల్ని జీపులో వేసుకుని వేరే క్యాంపుకి తీసుకెళ్ళిపోయారు. అక్కణ్ణుంచి ఓడలో విశాఖపట్నం. ఆ మనిషి పేరు తెలియదు, బతికి ఉన్నాడో లేదో తెలియదు. నా కోసం మళ్ళీ నీళ్ళలోకి దిగాడే, ఏమయ్యాడో అని వాళ్ళమ్మ ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆ పేరులేని మనిషిని తలుచుకుంటుందట.

మా పేజీలో ఫోటో చూసి, అగరొత్తి మచ్చ గుర్తుపట్టింది ఆవిడే. సెట్టు ఉందంటే ఆ మనిషి బతికి బయటపడ్డట్టే కదా అందిట. బేరమాడితే ఎక్కడ చేజారిపోతుందోనని ఇతను ఆడలేదు. వచ్చి మెల్లగా అడుగుదామనుకున్నాడు గానీ, పేజీ మీద సముద్రం ముట్టలేదని అంత గట్టిగా రాసి ఉంటే, వీళ్ళు ఒప్పుకోరు, అడిగినా దాస్తారు, సెట్టు తీసుకుని వెళ్ళిపోదామని విమానంలో నిశ్చయించుకున్నాడట. మీరే చెప్పారు కాబట్టి అడుగుతున్నాను అన్నాడు. అని, నా వైపు కాదు, మా అత్త వైపు తిరిగాడు.

"అమ్మమ్మా, దీన్ని కడగమని మీ దగ్గరికి తెచ్చిందెవరు?"

అత్త చేతులు చీర కొంగుకి తుడుచుకుంది. ఇంత కథ విన్నాక కూడా ఆవిడ ముఖంలో ఆశ్చర్యమే లేదు, ఇన్నాళ్ళూ ఎవరూ అడగని ప్రశ్న ఎవరో అడిగారన్న తృప్తి తప్ప.

"ఇంకెవులు బావూ, మా తిరుమలగాడే. అదుగో, ఆ స్క్రూలేరుకుంతన్నోడు," అంది.

ఇక్కడ మా దీవుల ఆనవాయితీ ఒకటి మీకు చెప్పాలి. ఇద్దరు కొత్తగా కలిస్తే పేరూ ఊరూ అయ్యాక అడిగే ప్రశ్న, సునామీ రోజున ఎక్కడున్నావని. పెళ్ళిచూపుల్లో కూడా అడుగుతారు. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మా నాన్న అడిగితే, పోర్ట్ బ్లెయిర్‌కి చాలా దూరంగా, రంగత్‌లో చుట్టాలింట్లో ఉన్నానని చెప్పాడు ఈయన. ఏటా ఆ రోజు వచ్చినప్పుడు అందరూ తమ తమ కథలు చెప్పుకుంటుంటే, నేనక్కడ లేను కదా అని లేచి వెళ్ళిపోయేవాడు. పాపం, చెప్పుకోవడానికి మా ఆయనకి కథ కూడా లేదని నేను జాలిపడేదాన్ని.

గోపీచంద్ లేచి వెళ్ళి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. ఈయన కంగారుపడి రెండు చేతులా లేవనెత్తి, ఆ రోజు అందరూ చేసిందే నేనూ చేశాను, అందులో చెప్పుకునేదేముంది అని గొణిగాడు. తర్వాత నెమ్మదిగా మిగతాది కూడా బయటికొచ్చింది. సెట్టు మోసుకుని పైకొచ్చేసరికి రోడ్డు మీద ఎవరూ లేరట. క్యాంపులన్నీ తిరిగి వెతికాడు, దొరకలేదు. ఎవరైనా అడుగుతూ వస్తే ఇచ్చేద్దామని, కరెంటున్న ఇల్లు గనక వీరన్న దగ్గర ఉంచాడు. ఎవరూ రాక, ఏళ్ళు గడిచేసరికి అది వీరన్నదే అన్నట్టయిపోయింది. వీరన్న అమ్మేస్తున్నాడని తెలియగానే మనమే కొందామని నన్ను తొందరపెట్టింది కూడా అందుకేనట. ఆ మచ్చ బాగా కనబడేలా ఫోటో తీయమని పక్కనుండి చెప్పింది ఈయనేనని నాకప్పుడు గుర్తొచ్చింది.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. దాచినందుకు కోపం వచ్చింది, వచ్చినంత వేగంగానూ పోయింది. ఆ క్షణంలో గరాచర్మ బస్టాపు దాకా పరిగెత్తి, వచ్చే బస్సు, పోయే బస్సు ఆపి, చూడండి మా ఆయన్ని అని చెప్పాలనిపించింది. చెప్పొద్దూ, పెళ్ళినాడు కూడా ఆయన నాకు అంత అందంగా కనబడలేదు. నువ్వు రొయ్యల కూర చెయ్యత్తా, నేను చేప వేపుతాను, ఈ పూట కుర్రాడు ఇక్కడే తింటాడు అన్నాను. గోపీచంద్ నవ్వుతూ, పేజీలో మాట మార్చొద్దు దీదీ, ఈ సెట్టు కింద మాత్రం కామేశ్వరమ్మగారు కడిగినది అని ఇంకో మాట కలపండి, మా వాళ్ళందరికీ నేను చెబుతాను అన్నాడు. నా పూచీకి గండం గడిచింది. అంతకన్నా ఏం కావాలి నాకు.

అమ్మకి ఇప్పుడే చెప్పేస్తానని అతను ఫోను తీశాడు. ముఖాలు చూపిద్దామని వీడియో కలిపితే మా ఇంటర్నెట్ ఎప్పట్లాగే గుండ్రంగా తిరుగుతూ కూర్చుంది. సరేనని మామూలుగా ఫోను చేసి, అందరికీ వినబడేలా స్పీకరు నొక్కి, పాడుతున్న ఆంప్లిఫయర్ పక్కనే పెట్టాడు. అమ్మా, దొరికారు అన్నాడు. అవతల ఆవిడ, నూకరత్నమ్మగారట, బతికే ఉన్నాడా అంది. తర్వాత పేరు అడిగింది. తిరుమలరావండీ అని మా ఆయన చెబితే, ఆ పేరు రెండుమూడు సార్లు నెమ్మదిగా పలికింది. చల్లగా ఉండు నాయనా అంది. పిల్లలెందరని అడిగింది. ఆయన చెబుతుంటే నేను పక్కన నిలబడి, చేప వేపే అట్లకాడ పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, ఒళ్ళంతా చెవులు చేసుకుని వింటున్నాను.

"బాబూ, ఆ రోజు నీతో ఒక అమ్మాయుంది చూడు," అంది నూకరత్నమ్మగారు. "నేను పైకొచ్చేదాకా నా సంచి మోసింది. నువ్వు మళ్ళీ నీళ్ళల్లోకి దిగుతానంటే చెయ్యి పట్టుకుని వదల్లేదు, నువ్వు లేకపోతే నేనేమైపోతానని ఎంత ఏడ్చిందో. కావేరీ, కావేరీ అని నువ్వు ఓదార్చావు. ఆ పిల్లనే చేసుకున్నావు కదూ? పక్కనుంటే ఒక్కసారి ఫోనియ్యి నాయనా, దాని గొంతు వినాలనుంది."

మా ఆయన ముఖంలో రక్తం లేదు. మా అత్త, పాలు పొంగిపోతున్నాయంటూ వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద పాలే లేవు. ఏమీ తెలియని గోపీచంద్, సంతోషంగా నవ్వుతూ, ఫోను తీసి నా చేతిలో పెట్టాడు.

పెద్దావిడ. ఇన్నేళ్ళుగా మా ఇంటి మనిషి కోసం దీపం పెట్టిన మనిషి. ఆవిడ మీద నాకేం కోపముంటుంది. అట్లకాడ కింద పెట్టి, గొంతు సవరించుకున్నాను.

"నమస్కారం పిన్నిగారూ," అన్నాను. "నేను ఆయన భార్యని. నా పేరు శ్రీలక్ష్మి."